ఫిదేల్ సురెట్ గెలిచిన రెండు ఎన్నికలు

మా తమ్ముడు ఫిదేల్ సురెట్ శాసనసభకి నిలబడతానని అన్నప్పుడు నేను పెరట్లో కోడి ఈకలు పీకుతున్నాను. జమైకాకి ఉప్పుచేప వేసుకెళ్ళి ఆ ఉదయమే ఓడ దిగాడు. వాడు ఓడ దిగిన రోజున ఇంట్లో కోడి ఉడకాల్సిందే. అమ్మ పోయాక ఆ పని నా మీద పడింది. నేను పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింట్లోనే ఉండిపోయాను. మరదలు దొమితిల్‌కి కోడి మెడ విరవాలంటే కళ్ళనీళ్ళొస్తాయి.

ఆ రోజు దొమితిల్ వాళ్ళన్న మాథురిన్ మా గడప మీద కూర్చుని ఉన్నాడు. మాథురిన్ నోరు ఊరికే ఉండదు. అలాంటివాడు బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"ఏమైంది బావా?" అన్నాడు ఫిదేల్.

"కేసు పోయింది."

కేసు సంగతి మా ఎరాన్ రేవులో అందరికీ తెలుసు. నదికి అవతలి ఒడ్డున డన్‌బ్రే పట్నం ఉంది. అక్కడ రంపపు మిల్లు ప్రింగిల్‌ది. ఆయన నదిలో వదిలేసిన దుంగలు కొట్టుకొచ్చి, మాథురిన్ చేపలు పట్టడానికి నీళ్ళలో కట్టుకున్న దడిని నుజ్జు చేశాయి. ఆ ఏడాది హెర్రింగ్ చేపంతా పోయింది. మాథురిన్ కోర్టుకెక్కాడు. కోర్టులో అంతా ఇంగ్లీషు. మా అకేడియన్ల మాట ఫ్రెంచి.

"వకీలు ఏమడిగాడు?"

"నాకేం తెలుసు? ఏదో అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఎస్ సర్ అన్నాను."

"దేనికి?"

"అన్నిటికీ."

నాకు నవ్వొచ్చింది. ఫిదేల్ నవ్వలేదు. అడిగిందేమిటో కోర్టులో ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. దడిని పడవలు తిరిగే దారిలో కట్టావా అంటే ఎస్ సర్. ఆ రోజు తాగి ఉన్నావా అంటే ఎస్ సర్. ఇదంతా ప్రింగిల్ చేసిన మేలేనని ఒప్పుకుంటావా అంటే దానికీ ఎస్ సరే. కోర్టులో జనం కడుపుబ్బ నవ్వారట. మాథురిన్ కూడా మర్యాదగా ఉంటుందని వాళ్ళతోపాటు నవ్వాడట.

"తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చుగా అన్నయ్యా," అంది దొమితిల్.

"జడ్జిగారు అడుగుతుంటే నోరు మూసుకుంటే ఏం బావుంటుందే?"

ఫిదేల్ లేచి పెరడంతా రెండుసార్లు తిరిగాడు. వాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. "ఇంగ్లీషువాళ్ళు మన తాతల్ని ఓడల్లో కుక్కి దేశం దాటించారు. మనవాళ్ళు కాలినడకన తిరిగొచ్చి ఈ బురదలో ఊరు కట్టుకున్నారు. ఇప్పుడు మన నోటితోనే మనం ఓడిపోవాలా? ఆ ప్రింగిల్ ఎన్నేళ్ళ నుంచి హాలిఫాక్స్ శాసనసభలో కూర్చుంటున్నాడు? ఎదురు నిలబడ్డవాడే లేడు. అక్కా, ఈసారి నేను నిలబడతా."

"ముందు కూర్చుని తిను," అన్నాను నేను.

తిన్నాడు. తిన్నాక కూడా అదే మాట అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది.

ఫిదేల్‌కి ఇంగ్లీషు వచ్చు. కాని అది బోస్టన్ ఓడల మీద నేర్చిన ఇంగ్లీషు. మా చర్చి ఫాదర్ ఆంసెల్మ్ ఒకరోజు వాడిచేత కాసేపు మాట్లాడించి విని, రెండు చెవులూ మూసుకున్నారు. "నాయనా, నీ మాటల్లో సగం బూతులే. సభలో ఇలా మాట్లాడితే నిన్ను కాదు, నన్ను జైల్లో పెడతారు." ఆ చలికాలమంతా ఫిదేల్ రోజూ మధ్యాహ్నం ఫాదర్ ఇంట్లో కూర్చుని పాత పత్రికలు పైకి చదివేవాడు. బూతు దొర్లినప్పుడల్లా ఫాదర్ చేతికర్రతో బల్ల మీద కొట్టేవారు. మొదట్లో ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. వసంతం వచ్చేసరికి బాగా తగ్గింది.

నామినేషన్ రోజున డన్‌బ్రే కోర్టు మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. ఎబనీజర్ ప్రింగిల్ పొడగరి, నల్లకోటు, వెండిపిడి కర్ర. కింద ఆయన మిల్లు కూలీలంతా నిలబడి ఉన్నారు. వాళ్ళు స్కాట్లండు కొండల నుంచి వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో గేలిక్ మాట్లాడతారు.

"సురెట్, హాలిఫాక్స్‌లో ఉండేవి చేపలు కాదయ్యా, మనుషులు," అన్నాడు ప్రింగిల్ అందరికీ వినబడేలా. "వాళ్ళతో ఏ భాషలో మాట్లాడతావు?"

"మీరు మీ దుంగలతో మాట్లాడే భాషలో మాత్రం కాదు లెండి," అన్నాడు ఫిదేల్. "అవి మీ మాటే వినడం లేదు. విని ఉంటే మా బావ దడి మీదకి వచ్చేవా?"

మిల్లు కూలీల్లో కొందరు నవ్వారు. ప్రింగిల్ వాళ్ళ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం మా తమ్ముడు గమనించాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ రోజుల్లో ఓటంటే దాపరికం లేదు. కోర్టులో, ఎన్నిక నడిపే షెరీఫ్ ముందు నిలబడి, ఎవరికి వేస్తున్నావో పైకి చెప్పాలి. పోటీ చేసేవాళ్ళు పక్కనే కూర్చుని వింటారు. మా తాలూకా మొత్తానికీ ఓటు వేసే చోటు ఒక్కటే, డన్‌బ్రే కోర్టు. సాయంత్రం అయిదింటికి తలుపు మూసేస్తారు.

మే నెల, ఎన్నిక రోజు. ఫిదేల్ ముందురోజే డన్‌బ్రే వెళ్ళి ఉన్నాడు. పొద్దున్నే మా మగవాళ్ళంతా చర్చి బట్టలు వేసుకుని వంతెన దగ్గరకి వెళ్ళారు. మేమూ వెనకాలే వెళ్ళాం. చూస్తే వంతెన మధ్యలో పలకలు లేవు. కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. మరమ్మతు అని చెప్పడానికి అవతల ఒకడు కూర్చుని ఉన్నాడు, ప్రింగిల్ మనిషి.

"ఇన్నాళ్ళూ లేని మరమ్మతు ఈ రోజే వచ్చిందా?" అని అరిచాడు మాథురిన్.

"ఎస్ సర్!" అన్నాడు అవతలివాడు, పళ్ళికిలించి.

మాథురిన్ ముఖం పాలిపోయింది. కోర్టు సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదన్నమాట.

నది పై నుంచి చుట్టూ తిరిగి పోతే చీకటి పడుతుంది. పడవలున్నాయి, కాని అది సముద్రం పాటు సమయం. మా అఖాతంలో పాటు అంటే మాటలు కాదు, సముద్రం కనుచూపు మేర వెనక్కిపోతుంది. పడవలన్నీ బురదలో ఒరిగి పడుకుని ఉన్నాయి. మళ్ళీ పోటు వచ్చి అవి తేలేసరికి కోర్టు తలుపు మూసేస్తారు. కొందరు అప్పుడే ఇంటి ముఖం పట్టారు.

అప్పుడు లుదివీన్ పిన్ని ముందుకొచ్చింది. గుల్లలు ఏరుకుని బతికే ముసలామె. నోట్లో ఎప్పుడూ మట్టిపైపు. "ఎక్కడికిరా పోతున్నారు? నడిచి పోదాం పదండి."

"దేని మీద పిన్నీ?"

"బురద మీద. నా పెళ్ళయినప్పటి నుంచి తిరుగుతున్నాను, నన్ను మింగలేదు. మిమ్మల్ని మింగుతుందా?"

"చర్చి బట్టలు వేసుకున్నాం పిన్నీ," అన్నాడొకడు.

"అయితే విప్పి నెత్తిన పెట్టుకో. నిన్ను చూసేవాళ్ళు లేరులే ఇక్కడ."

అంతే, ఆడవాళ్ళం నవ్వేశాం. పరికిణీలు మోకాళ్ళ పైకి దోపుకుని ముందు మేమే దిగాం, పిన్ని వెనకాల. గుల్లలు ఏరేది మేమేగా. ఎక్కడ గట్టి నేలో, ఎక్కడ కాలు దిగబడుతుందో మా కాళ్ళకి తెలుసు. మగవాళ్ళు మా అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వచ్చారు. ఎర్రబురద, ఐసులాంటి చలి. ఒకరి నడుముకొకరు తాళ్ళు కట్టుకున్నాం. ముసలి జకారీని ఇద్దరు కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. ఆయన పైనుంచి "ఎడమకి, ఎడమకి" అని ఒకటే అరుపులు. ఆయన చెప్పినట్టు వెళ్ళి ఉంటే అందరం మునిగేవాళ్ళం. మధ్యలో నది పాయ ఉంది. అక్కడ నీళ్ళు తొడల దాకా వచ్చాయి. దొమితిల్ అక్కడ ఆగిపోయి, "వదినా, నా వల్ల కాదు," అంది. "అవతల నీ మొగుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడే," అన్నాను. పళ్ళు కరుచుకుని దిగింది.

ఆ సమయానికి కోర్టులో ఫిదేల్ ఓటమికి సిద్ధపడి కూర్చున్నాడట. పొద్దుటి నుంచీ ప్రింగిల్, ప్రింగిల్ అని తప్ప మరో పేరు చెవిన పడలేదు. ఎవరో కిటికీలోంచి చూసి, "అదేమిటి, బురద మీద చీమలబారు?" అన్నారు. ఫిదేల్ లేచి చూశాడు. చూసి, ఫాదర్ ఆంసెల్మ్ ఒక చలికాలమంతా కష్టపడి వదిలించిన మాటల్లో అన్నిటికంటే పెద్దది పైకి అనేశాడట.

మేం కోర్టు చేరేసరికి మనుషుల్లా లేము. షెరీఫ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, కాని ఆ నేల కొత్తగా చెక్క పరిచి మైనం రుద్దించినది. "ఈ బురదకాళ్ళతో లోపలికి ఒక్కణ్ణీ రానివ్వను," అన్నాడు.

"బూట్లు విప్పండ్రా," అంది లుదివీన్ పిన్ని.

విప్పారు. గుర్రాల తొట్టిలో కాళ్ళు కడుక్కున్నారు. మెట్ల మీద పై నుంచి కింద దాకా బురదబూట్లు. మా మగవాళ్ళు చర్చిలోకి వెళ్ళినట్టు వట్టికాళ్ళతో, టోపీలు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఆడవాళ్ళకి ఓటు లేదు. మేం కిటికీల దగ్గర గుమిగూడాం.

"సురెట్." "ఫిదేల్ సురెట్." "మావాడికే, సురెట్‌కి." ఒక్కొక్క గొంతూ వినబడుతుంటే నాకు ధైర్యం పెరుగుతూ వచ్చింది. ప్రింగిల్ కర్ర పిడి తిప్పుకుంటూ కూర్చున్నాడు.

మాథురిన్ వంతు వచ్చింది. ప్రింగిల్ వకీలు, దడి కేసులో ప్రశ్నలడిగిన ఆ వకీలే, చటుక్కున ముందుకి వంగి చిరునవ్వుతో ఇంగ్లీషులో అడిగాడు: "మీ ఓటు ప్రింగిల్ గారికే కదా, మాథురిన్?"

వీడు అలవాటు కొద్దీ తల ఊపేస్తాడేమోనని నేను కిటికీ చువ్వ పట్టుకుని నలిపేశాను.

మాథురిన్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "నో సర్!" అన్నాడు. గోడలు అదిరాయి. "నో సర్, నో సర్, నో సర్! సురెట్!"

"ఒక్కసారి చెబితే చాలు," అన్నాడు షెరీఫ్, నవ్వాపుకుంటూ.

అయిదింటికి తలుపు మూసేశారు. స్వల్ప తేడాతో మా ఫిదేల్ గెలిచాడు. ఊరేగింపుగా వంతెన దగ్గరకి వెళ్ళేసరికి పలకలన్నీ వాటంతట అవే వచ్చి సర్దుకుని ఉన్నాయి. ఆ మరమ్మతు అంత త్వరగా ఎలా అయిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పలకల మీద కాళ్ళు టపటపలాడిస్తూ ఆడుకుంటూ ఇంటికొచ్చాం.

హాలిఫాక్స్‌లో మొదటి ప్రసంగం రోజున నేనూ దొమితిల్ పైన ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చున్నాం. నేను హాలిఫాక్స్ చూడడం అదే మొదలు. ఫిదేల్ లేచి నాలుగు మాటలన్నాడో లేదో, కింద ఎవరో వాడి ఉచ్చారణని వెక్కిరించారు. నవ్వులు మొదలయ్యాయి. వాడి చెవులు ఎర్రబడడం పై నుంచి కూడా కనిపించింది. దొమితిల్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వాడు ఆగాడు. ఫ్రెంచిలో, నెమ్మదిగా, ఇలా అన్నాడు: "మా బావ మంచివాడు. వాడి భాష తెలియక వాడికి అన్యాయం చేశారు." సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నవ్వు ఆగింది. మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చాడు.

"ఇప్పుడు నేను మా అమ్మ భాషలో ఒక మాట చెప్పాను. మీలో ఒక్కరికీ తెలియలేదు. మీరు చెప్పేవి మాత్రం నాకన్నీ తెలుస్తున్నాయి. నేను రెండు భాషల్లో వింటున్నాను, మీరు ఒకదానిలోనే వింటున్నారు. ఇక్కడ నవ్వాల్సిన విషయం ఏదైనా ఉంటే, అది ఎవరి వైపు ఉందో మీరే చూసుకోండి."

అటు పక్క ఒక ముసలి సభ్యుడు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. తర్వాత ఇంకొకరు. దొమితిల్ ఏడుస్తోంది. నేను ఏడవలేదు, ముక్కు మాత్రం చీదుకున్నాను.

ఆ సభలోనే, రెండేళ్ళు పోరాడి, మా తాలూకా కోర్టులో దుబాసీని పెట్టించాడు. మా ఎరాన్ రేవులో ఓటు వేసే చోటు తెప్పించాడు. రేవుగట్టు వచ్చింది, బడి వచ్చింది. మాథురిన్ మళ్ళీ కోర్టుకెక్కి దడి కేసు గెలిచాడు. దుబాసీ ఉన్నా సరే, మధ్యలో రెండు "నో సర్"లు తనే అనేశాడు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఫిదేల్ నిలబడ్డాడు, ప్రతిసారీ అంతంతమాత్రం తేడాతో గట్టెక్కాడు. మా ఊళ్ళన్నీ వాడివే. డన్‌బ్రే మొత్తం ప్రింగిల్‌ది.

ఇలా ఏళ్ళు గడిచాక సభలోకి కొత్త బిల్లు వచ్చింది. ఇక మీదట ఓటు పైకి చెప్పక్కర్లేదు, చీటీ మీద రహస్యంగా వేసి పెట్టెలో పడేయాలి. సభలో ఫిదేల్ చేరిన పార్టీ పెద్దలు వద్దన్నారు. మావాళ్ళకీ నచ్చలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, తురిమిన బంగాళాదుంపలూ గుల్లలూ వేసి కాల్చిన రాప్యూర్ తింటూ మాథురిన్ విరుచుకుపడ్డాడు.

"మేం బురదలో దిగి వచ్చి నీ పేరు కోర్టు దద్దరిల్లేలా చెప్పాం. ఇప్పుడు దొంగల్లా చీటీలో దాచుకోమంటావా? పైకి చెబితేనే కదా మగతనం!"

"నువ్వు పైకి చెప్పగలవు బావా. నీ దడి నీది, నీ పడవ నీది. నిన్నెవడూ ఇంట్లోంచి గెంటలేడు."

"అయితే?"

ఫిదేల్ చెంచా కింద పెట్టాడు. "మొదటి ఎన్నికలో మీరు రాక ముందు, మర్డో అని ఒక మిల్లు కూలీ వచ్చాడు. నా మాటకి మెట్ల దగ్గర నవ్వినవాళ్ళలో వాడొకడు. షెరీఫ్ అడిగితే నా వైపు చూశాడు. తర్వాత ప్రింగిల్ వైపు చూశాడు. తల దించుకుని ప్రింగిల్ పేరు చెప్పి, ఆ దించిన తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళయింది, దారిలో కనిపిస్తే ఇప్పటికీ పక్కకి తప్పుకుంటాడు. వాడి ఇల్లు ప్రింగిల్‌ది, పని ప్రింగిల్‌ది. వాడికి నోరు లేదని నేను మాత్రం అనను."

"వాడు రహస్యంగా కూడా ప్రింగిల్‌కే వేస్తే? మనవాళ్ళు కూడా చాటుగా జారిపోతే?"

"పోతే పోతాను. భయం మీద నిలబడే కుర్చీ నాకెందుకు?"

"వదినా, ఈయనకి కాస్త చెప్పు," అంది దొమితిల్ నాతో.

"నేను చెప్పను," అన్నాను. "వాడి చెవులు చూడు. ఇప్పుడు చెప్పినా వినబడదు."

సభలో తన పార్టీని కాదని ఫిదేల్ ఆ బిల్లు వైపు నిలిచాడు. బిల్లు గెలిచింది. పార్టీ పెద్దలు మాట్లాడడం మానేశారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికకి ఒక్కరు కూడా వచ్చి సాయం చెయ్యలేదు. ప్రింగిల్ మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "సురెట్ తన గొయ్యి తనే తవ్వుకున్నాడు," అని పట్నమంతా చెప్పుకున్నాడు. పోలింగు రోజు మిల్లు కూలీలని వరసగా నడిపించుకుంటూ తనే తీసుకొచ్చాడు. కాని ఓటు వెయ్యడానికి కట్టిన తెర వెనక్కి ఒక్కొక్కరే వెళ్ళాలి. తెర దాకానే ఆయన కళ్ళు వెళ్ళాయి.

మర్నాడు పొద్దున కోర్టులో పెట్టెలు తెరిచారు. ముందు మా ఊళ్ళ పెట్టెలు. మావాళ్ళు ఒక్కరు కూడా జారలేదు. మాథురిన్ తనే గెలిచినట్టు చుట్టూ చూశాడు. తర్వాత డన్‌బ్రే పెట్టె. షెరీఫ్ చీటీ విప్పి చదవడం మొదలెట్టాడు.

"ప్రింగిల్. ప్రింగిల్. సురెట్."

ఎవరో దగ్గారు.

"సురెట్. ప్రింగిల్. సురెట్. సురెట్. సురెట్."

గదిలో గాలి మారిపోయింది. షెరీఫ్ ఒకసారి చీటీని వెలుతురుకి పట్టుకుని మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని చదువుతూ పోయాడు. సురెట్, సురెట్. ప్రింగిల్ కుర్చీలోంచి లేచి, గోడ వారగా నిలబడ్డ తన కూలీల వైపు తిరిగాడు. ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. అక్కడ ఎవరూ తల దించలేదు. ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో ఏ ముఖమూ చెప్పలేదు. మర్డో, జుట్టు నెరిసిపోయిన మర్డో, ఆయన కళ్ళలోకే తిన్నగా చూస్తూ నిలబడ్డాడు.

తాలూకా చరిత్రలో అంత తేడాతో ఎవరూ గెలవలేదు. షెరీఫ్ మా ఫిదేల్ పేరు ప్రకటించగానే ఎవరు ముందు అరిచారో తెలియదు. ఫ్రెంచివాళ్ళు, గేలిక్‌వాళ్ళు కలిసి ఫిదేల్‌ని భుజాల మీదకెత్తారు. అంత మంది ఎత్తితే వాడి తల గుమ్మానికి తగిలింది. "నెమ్మదిరా, సభకి తల కావాలి!" అని అరిచాడు మాథురిన్. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలియదు. ప్రింగిల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత, మెచ్చుకోవాల్సిందే, నడిచి వచ్చి ఫిదేల్‌కి చెయ్యి చాపాడు. "బాగా గెలిచావు," అన్నాడు. అంతే అన్నాడు.

ఇంటికి బయల్దేరుతుంటే మర్డో దారికి అడ్డమొచ్చాడు. వాడి ఇంగ్లీషు కూడా అంతంతే. "మా ఇంటికి రండి. అందరూ," అన్నాడు.

మిల్లు కూలీల వీధిలో మేం ఎప్పుడూ అడుగు పెట్టింది లేదు. ఆ మధ్యాహ్నం ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంది. ఓట్స్ రొట్టె, ఉప్పు హెర్రింగు, ఉడికించిన దుంపలు బయటకొచ్చాయి. మర్డో భార్యకి నా మాట రాదు, నాకామె మాట రాదు. ఇద్దరం ఒకే చేపని రెండు వైపుల నుంచి ఒలిచి పిల్లలకి పెట్టాం. ఎవరో ఫిడేలు తీశారు, దొమితిల్ వీధి మధ్యలో గౌను కుచ్చెళ్ళు పట్టుకుని గంతులేసింది. లుదివీన్ పిన్ని మట్టిపైపు ఒక కొండవాడి నోట్లో పెట్టింది. మాథురిన్ వాళ్ళకి "నో సర్" నేర్పిస్తున్నాడు.

ప్రసంగం చెయ్యమని అందరూ ఫిదేల్ కోసం వెతికారు. వాడు మర్డో ఇంట్లో, పొయ్యి పక్క కుర్చీలో, ఒళ్ళో సగం తిన్న పళ్ళెంతో నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. నెల రోజులుగా ఊరూరా తిరిగాడు పాపం. మర్డో లేపబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"పడుకోనివ్వు," అన్నాను ఫ్రెంచిలో.

మర్డోకి అర్థమైంది. పళ్ళెం మెల్లగా తీసి, తన కోటు తెచ్చి వాడి మీద కప్పాడు.